శుక్రవారం ఫ్లైటు

ఎంబసీ నుంచి ఫోను.
శుక్రవారం ఫ్లైట్ల ఒక్క సీటున్నదట,
పది నిమిషాల్ల చెప్పాల్నట.

రువీల సెలూన్ షట్టర్ వడి
డెబ్బై రోజులాయె.
కత్తెర్లకు నూనె రాసి
పాత లుంగీల సుట్టి వెట్టిన.
పోతే వీసా ఖతం,
అప్పు మాత్రం నాతోనే ఎక్కుతది, టికెట్ లేకుంట.

దుప్పటి పర్ద అవుతల
ముత్తెన్న దగ్గుతుండు.
నిన్నటిసంది నోటికి ఉప్పు తెలుస్తలేదట.
ఈ సంగతి రూముల నాకొక్కనికే ఎరుక.

ఫ్లైటెక్కాలంటే దగ్గు లేదని సంతకం వెట్టాలె.
నాకైతే లేదు.
ఇయ్యాల్టికి లేదు.

స్టవ్ మీద గంజి పొంగుతున్నది,
మంట తగ్గించెటందుకు చెయ్యి చాపిన.
"హలో, లైన్‌లో ఉన్నారా?"
"ఉన్న మేడం, ఉన్న" అన్న.

ఆమె ఏమని రాసుకున్నదో.