కొమ్ము

మూడో రోజు కూడా
అబెర్ కొడుకు నెత్తుట్లో ఉంగరాలు.
సన్నటి ఊదారంగు ఉంగరాలు,
ఏ వేలికీ పట్టనివి.

ఒడోచ్ కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ లెక్కపెట్టాడు.
మైక్రోస్కోపు అబద్ధమాడదు,
కరెంటు ఆడుతుంది అప్పుడప్పుడూ.
మళ్ళీ పదకొండే.
మాత్రలన్నీ వేళకే వేశానని
తల్లి ఖాళీ రేకు సాక్ష్యం తెచ్చింది,
ఒక్కో గుంటలో వేలు పెట్టి చూపించింది.

పిల్లాడి వేలు పొడిచి
వడపోత కాగితం మీద మూడు బొట్లు.
ఆరాక, తేమ పీల్చే గింజల పొట్లంతో పాటు
నువ్వుల బస్తాల మధ్య
కంపాలా బస్సెక్కింది కాగితం.

ఇక్కడ దాన్ని చదవడం నా పని.
అంత పొడుగు వాక్యంలో
ఆరువందల డెబ్బయి అయిదో గడిలో
ఒక్కటంటే ఒక్కటి మారింది.
మా భాషలో మందుకి కొమ్ము మొలిస్తే
ముందు.
అంతే తేడా.
మనం మందు దగ్గరే ఉన్నాం.
అది ముందుంది.

గోడ మీద పటం.
ఉత్తరాన ఎర్ర సూదులు ఒత్తుగా.
నైరుతిన, రువాండా కొండల్లో
మారిన గడి వేరు, సూది పసుపు.
ఎక్కడో మెకాంగ్ వైపు
ముందే మారినదానికి నీలం.
ఒకదాన్ని చూసి ఒకటి నేర్చుకోలేదు.
ముఖం తెలియని ఊళ్ళలో
ఒకే సామెత పుట్టినట్టు
ఎక్కడిదక్కడే పుట్టింది.

మధ్యలో సూదుల్లేని జిల్లాలు
తెల్లగా, నిశ్చింతగా కనిపిస్తాయి.
అక్కడ లేదని కాదు.
అక్కడెవరూ వేలు పొడవలేదు.

మలావీలో
పాత చేదుమాత్ర మానేసిన పదేళ్ళకి
అది మళ్ళీ పనిచేసిందని విన్నప్పుడు
పరాన్నజీవికి మతిమరుపు ఉందని సంబరపడ్డాను.
మరుపు కాదు.
అక్కర్లేని కవచం మోసి మోసి
నేర్చినవి వెనకబడ్డాయి.
నేర్వనివి పిల్లల్ని కన్నాయి.
పదేళ్ళు ఆగగలిగే జ్వరం
ఎవరింట్లో ఉందో నాకు తెలీదు.

ఫలితం పటోంగో చేరేసరికి ఎనిమిది నెలలు.
కాగితం మీద పేరుండదు, అంకె ఉంటుంది.
ఒడోచ్ ఫోన్లో నవ్వాడు:
"నీ అంకె మామిడిచెట్టెక్కి దిగనంటోంది.
అప్పుడే మందు మార్చాంలే."

తర్వాత కాసేపు గాలి చప్పుడు.

"వాడి చెల్లెలికి నిన్నట్నుంచి ఒళ్ళు కాలుతోంది.
ఒక సూది పక్కన పెట్టు.
రంగు ఇప్పుడే అడక్కు."