యజమాని గడి

ఖోబర్‌లో పన్నెండో అంతస్తు. రాత్రి పదకొండు.
వంతెన దీపాలు సముద్రం మీదికి కొంతదూరం పోయి
దుమ్ములో ఆరిపోయినట్టు కనిపిస్తాయి.
అవతలి గట్టున, బహ్రెయిన్‌లో ఎక్కడో,
మా కంపెనీ యంత్రాలున్నాయి.
నేనెప్పుడూ చూడలేదు. ఎవరూ చూడలేదు.
వాటి లెక్క రాయాలి నేనిప్పుడు.

పని చిన్నదే.
క్లౌడ్ వైపు ఒక తాళంచెవి పుట్టించాలి,
చూడ్డానికే తప్ప ముట్టుకోడానికి చెల్లనిది.
దాన్ని తెచ్చి ఆస్తుల రిజిస్టర్ టూల్లో అతికించాలి.
ఏ ప్రాంతం, ఎన్ని గంటలకోసారి,
అక్కడి ఏ పేరు ఇక్కడి ఏ గడిలో పడాలి,
ఒక్కొక్కటే జత కలపాలి.
పెళ్లిళ్ల పేరయ్య పనే,
భోజనం మాత్రం లేదు.

మొదటిసారి నొక్కాను. తప్పింది.
తాళంచెవి చివర ఒక ఖాళీ అక్షరం అంటుకుని వచ్చిందట,
దాన్ని కనిపెట్టేసరికి టీ చల్లారింది.
రెండోసారి
నాలుగొందల పన్నెండు వచ్చాయి. ఒకటి రాలేదు.
యజమాని గడి ఖాళీ, అంది ఎర్రక్షరాల్లో.

దాని పేరు
జఫరుల్లా-టెస్ట్-తీసేయొద్దు.

ఎవరీ జఫరుల్లా?
గ్రూపులో అడిగితే కడపవాడని ఒకరు,
కాదు మదనపల్లె అని ఒకరు,
బిర్యానీలో నిమ్మకాయ పిండితే కోప్పడేవాడని ఇంకొకరు.
ఫైనల్ ఎగ్జిట్ మీద వెళ్లి మూడేళ్లట.
మూడేళ్లుగా ఇది
ఎవరి కిందా లేకుండా తిరుగుతోంది.
మనిషికైతే ఇక్కడ మూడు రోజులు కుదరదు.
నా అకామాలో ఆ గడి నిండే ఉంది,
నేనెన్నడూ చూడని పెద్దాయన పేరుతో.
ఆయన రిజిస్టర్లో నేనెన్నో వరసో.

తీసేద్దామనుకున్నాను. నెలకు నలభై రియాళ్ల ఖర్చు.
మా అబూ నాయెఫ్ చెవిన వేస్తే
"ఖలాస్, తీసెయ్" అంటాడు.
తీసేముందు, వేరే తాళంచెవితో,
లోపలికి తొంగి చూశాను.

ఒకటే ఫైలు.
రోజూ తెల్లవారుజామున మూడుంపావుకి అది లేచి
సిహాత్ క్యాంపులో ఏ ట్యాంకు ఎంత అడుగంటిందో చదివి
నీళ్ల లారీ అతనికి ఒక ముక్క పంపుతుంది.
అదీ తెలుగులో:
"ఎర్రన్నా, ముందు మూడో బ్లాకుకి పో."
ఒక్కోరోజు నాలుగో బ్లాకు.

అంతే. టెస్టట.

గడి నింపాలి.
జఫరుల్లా అని రాస్తే టూలు ఒప్పుకోదు, ఉద్యోగుల జాబితాలో లేడు.
ఎర్రన్న ఏ జాబితాలోనూ లేడు, లారీ కాంట్రాక్టరుది.
అబూ నాయెఫ్ అని రాస్తే రేపే ఖలాస్.
నా పేరు రాశాను.
నా అకామా ఇంకా ఏడు నెలలుంది.
గమనిక దగ్గర "నీళ్లు. ఆపొద్దు" అని కొడితే
తెలుగు రాని తెర
వరసగా ఖాళీ డబ్బాలు చూపించింది.
సేవ్ మాత్రం అయ్యింది.

నాలుగొందల పదమూడు.
మూడుంపావు దాకా కూర్చోవాల్సిన పనేమీ లేదు.
కూర్చున్నాను.