పానం

మామకు కళ్ళు మసకబారిన ఏడు
తిత్తి దగ్గర్నుంచి నన్ను దాగలి దగ్గరికి జరిపాడు.
"చేతులు బాగానే ఉన్నాయి జునేలీ,
రంగే కనపడటం లేదు. నువ్వు చూసి చెప్పు."

భోజ్‌పూర్ బజారు కింద, మూడు మలుపులు దిగాక
ఒక రేకుల కప్పు, కట్టె బొగ్గు, కొలిమి.
గోడకి ఆనించి స్ప్రింగు పట్టీలు,
పోయిన వానల్లో లోయలో పడ్డ లారీవి.
ఇరవై ఏళ్ళు సిమెంటు మోసిన ఇనుము.
మామ దాన్ని గోటితో కొట్టి వింటాడు
పుచ్చకాయ బేరమాడేవాడిలా.

మొదటిరోజు "ఎర్రగా ఉంది" అన్నాను.
పట్టకారు కింద పడేశాడు.
"ఎరుపంటే ఏ ఎరుపు?
కోడి జుట్టా, ఎండు మిరపా, ఏడ్చిన కన్నా?"

ఆ చలికాలమంతా నేను నేర్చింది
సుత్తి పట్టడం కాదు, మాట పట్టడం.
గురాసు మొగ్గ అంటే, ఇంకా ఊదు.
గురాసు పువ్వంటే, కొట్టు.
ధన్‌కుటా నారింజ తొక్క అంటే, ఆగు, ఆగు.
తెల్లటి చుక్కలు రాలాయా, ఇనుము కాలిపోయింది,
దాన్ని చూరులో దోపి ఉంచు, బుద్ధి కోసం.
చూరు నిండింది.

అంచును పలచన చేసేకొద్దీ
ఖుక్రీ వెనక్కి తిరుగుతుంది, మొండి మేకలా.
అందుకే ముందే ఎక్కువ వంచాలి
అది తిరగబోయేంత.
ఎంత తిరగబోతుందో
తిరిగాక గానీ తెలియదు.

పిడి దగ్గర ఆ చిన్న గాటు ఎందుకని అడిగాను.
రక్తం జారిపోవడానికని పర్యాటకులకు చెప్తారు,
ఆవు గిట్ట గుర్తని పురోహితుడు చెప్తాడు.
మామ తన ఎడమ చేయి చూపించాడు, వేలు లేని చోటు.
"నాకు తెలిసిందొకటే,
అక్కడ ఆకురాయి జారుతుంది."

పానం పట్టే పొద్దున తలుపు మూశాం,
చీకట్లో అయితే నిప్పు అబద్ధమాడదని.
నా చేతిలో సొట్టల కెటిల్,
మేం టీ కాచుకునేదే.
"వీపుకి చుక్క తగలొద్దు. వీపు మెత్తగా ఉండాలి,
దెబ్బలు అది ఓర్చుకుంటుంది.
అంచు ఒక్కటే తాగాలి. పొయ్యి."

మొదటి కత్తి టిక్‌మంది.
నేనింకా పగులు వెతుకుతున్నాను,
మామ అప్పటికే మొహం తిప్పుకున్నాడు.
రెండోది వంకర.
తర్వాతివాటి గురించి చెప్పను.
తొమ్మిదోది
గుటకలు వినపడేలా తాగింది.

దశైం ముందు కట్వాల్ వాళ్ళ పెద్దావిడ వచ్చింది.
గడప బయటే నిలబడి డబ్బు నేలమీద పెట్టింది.
కత్తి కూడా నేలమీదే పెట్టమంది.
చిన్న సీసా తీసి
బంగారు ఉంగరం ముంచిన నీళ్ళు
మూడు చుక్కలు చల్లింది,
మా చేతుల్ని దాని మీంచి కడగడానికి.

మేమిచ్చిన నీళ్ళు ఆ ఇంట్లో ఎవరూ తాగరు.
ఆలస్యమైందమ్మా, అనుకున్నాను,
అది తాగేసింది.
నా చేత్తోనే, మా కెటిల్లోంచి.
ఎల్లుండి మీ దేవుడి గదిలో
అక్షతలు వేయించుకునేది ఆ గుక్కే.

ఇదంతా లోపల్లోపలే.
యాభై తక్కువుందని మాత్రం పైకే అన్నాను.
ముడి విప్పి విసిరింది, నాణేలు దొర్లాయి,
చప్పుడు విని లెక్క సరిపోయిందన్నాడు మామ.

సాయంత్రం అదే కెటిల్లో టీ.
గ్లాసు రెండు చేతులా పట్టుకుని
ఆవిరిలోకి మొహం వంచాడు.
"ఏ రంగు?"
వెతుక్కున్నాను. ఇనుములో ఎప్పుడూ చూడని రంగది,
దానికింకా మేం పేరు పెట్టలేదు.
"తాగు మామా," అన్నాను,
"చల్లారిపోతుంది."