రెండు మూరల ఊరు

శనివారం పొద్దుమీకి మగ్గం ఆపుత.
కొత్తవాడల మా రేకుల షెడ్డుకు పిల్లలొస్తరు,
గళ్లకాగితాలు, చెక్కిన పెన్సిళ్లు పట్టుకొని.
రంగు అద్దిన కండెల మీద కూసోకుండ
వాళ్లను కాసుడే నా మొదటి పని.

మా మీది రూముల కిరాయికుండే రూలా
కాలేజీల ఏందో పెద్ద చదువు చదువుతది.
పాలస్తీన ఆమెది. ఊరి పేరు చెప్పింది కని
నా నాలికె మీద నిలవలే.
బిడ్డ జుమానా రెండో తరగతి.
"అత్తా, పేక అయిపోయింది, ఉరుకు" అంటది,
తెలుగు మాకంటె జోరు.
వాళ్ల దేశమంటె మాత్రం
టీవీల పొగ ఒక్కటే ఎర్క దానికి.

అందుకే రూలా పెట్టె దించింది.
అడుగున, డాంబర్ గోలీల నడుమ,
వాళ్ల నాయనమ్మ నల్లటి పొడుగు అంగీ,
రొమ్ము మీద ఎర్రదారం కుట్టు.
ఆ కుట్టు చూసి ఏ ఊరి మనిషో చెప్తరట.
మా నాయన కూడ అంచు చూసి
ఏ ఇంటి నేతో చెప్తుండె.
నేను వెంటనే మెచ్చుకోలే, తిప్పి చూసిన.
ముడులు యాడ దాచిందో చూస్తె
మనిషి ఎసొంటిదో తెలుస్తది.
ముడి దొరకలే.

రూలా గళ్లల్ల చెట్టు గీసి, సరూ, అన్నది.
మా పిల్లలు సరుగుడు అని రాసుకున్నరు.
రొట్టె మీద చల్లుకునే ఆకుపొడి పేరు చెప్తె
జాతర్ అని వినవడ్డది.
"మేడారం జాతరనా?" ఒకటే నవ్వుడు.
జుమానా కూడ నవ్వింది.
నాయనమ్మ ఇంట్లె మాట
ఇంతమంది నోట్లె అది ఎన్నడు వినలే.

కుట్టుకు కుట్టు లెక్క.
తల్లి వాహద్, త్నేన్ అంటుంటె
బిడ్డ ఒకటి, రెండు అనుకుంట
ఒక్క గడిల కలుసుకుంటున్నరు.
మగ్గం మీద చెట్టు కొనకాడ
నాకు ఒక పోగు ఎక్కువొచ్చింది.
ఇప్పి మల్ల కట్టిన.
తప్పు నాదే, ఆ ముసలమ్మది గాదు.

తర్వాత కథ.
వాళ్ల దిక్కు కథ మొదలువెట్టుడే వేరట:
ఉన్నదో లేదో, అని.
అనగనగాకు అలవాటైన చెవులకు అది ఎక్కలే.
"ఉన్నదా, లేదా? ఒక్కటి చెప్పాలె"
అన్నది ఎదురింటి నిహారిక,
లెక్కల టీచరు బిడ్డ.
రూలాకు జవాబు రాలే.
పటంల ఆమె ఊరు లేదు.
నాయనమ్మ చెప్పిన అంజీర్ చెట్టు,
బావి, గిలక సప్పుడు
ఉన్నయి.

అప్పుడు మణిదీప్ లేచిండు.
వేములాడ దిక్కు పోరడు,
మేనమామ ఇంట్ల ఉండి చదువుతుండు,
నోరిడిసి మాట్లాడంగ ఎవ్వలు చూడలే.
"మా ఊరు గూడ గంతే.
డ్యాం నిండితె లేదు.
ఎండకాలం నీళ్లు దిగితె ఉన్నది.
మొన్న పోయినం. మా ఇంటి గద్దె దొరికింది.
అర్ర గోడ మోకాలి దాక ఉన్నది.
అండ్ల చేపపిల్లలు."

జుమానా ఆ మాటను అరబ్బీల తల్లికి చెప్పింది.
చేపలకు మాట దొరకక
చేతిని అటు ఇటు ఈదిపిచ్చింది.

రూలా పిలగాని ముందుకు కాగితం జరిపింది.
మీ ఇల్లు ఎన్ని గడులు?
వాడు లెక్కవెట్టిండు. తుడిచిండు. మల్ల లెక్కవెట్టిండు.
నీలిదారం కావాలన్నడు.
అంగీ మీద నీలి లేదు, ఎరుపు నలుపే.
వద్దంటదేమో అనుకున్న.
దారాల బుట్ట ఆమెనే బోర్లిచ్చింది.

ఇప్పుడు మగ్గం మీద
సరూ చెట్ల కింద చేపలు తిరుగుతున్నయి.
అంచు జర వంకర.
నిహారిక నేసిన కాడ సందులున్నయి.
ఫంక్షన్ హాలోల్ల నలభై దర్రీలు అట్లనే ఆగినయి.
సోమవారం సొసైటీ మేనేజరు వచ్చి
ఇదెవలి ఆర్డరు అని గులుగుతడు.
బుక్కుల నేను ఇదివరకే రాసిన:

ఉన్నదో లేదో ఊరు.
రెండు మూరలు.
అడ్వాన్సు ముట్టింది.