మర్నాడు

నెల్లిమర్ల మిల్లు టైమాఫీసులో
ఇరవై ఆరేళ్ళు హాజరు రాశాను.
చెల్లిపోయిన కార్డుల వెనక మూడు నవలలు.
ముందు పక్క వాళ్ళ నంబర్లు, వెనక పక్క నా మాటలు,
గోగునార ధూళి రెండు పక్కలా.
నా వాక్యాలు పొట్టివని ఎవరో విమర్శ రాశారు.
కార్డు పొట్టిది.

నాలుగో నవలలోకి ఒక మనిషి వచ్చింది.
కొన్నాళ్ళు పేరు లేకుండానే తిరిగింది,
కుచ్చిళ్ళు పైకి దోపుకుని
నా వంటింటికీ బల్లకీ మధ్య.
ఆఖరికి సింహాద్రమ్మ అయింది.

బలమైన స్త్రీ కావాలి అన్నారు అందరూ.
ఘంటస్తంభం దగ్గర ప్రెస్సాయన అన్నాడు,
సభలో శాలువా కప్పినాయన అన్నాడు,
నేనూ అనుకున్నాను.
అందుకని పదకొండో ప్రకరణంలో
మిల్లు గేటు ముందు, రెండో షిఫ్టు కూత వేళ,
ఆమె చేత మేస్త్రీ చెంప పగలగొట్టించాను.
ఆ వాక్యం రాసి
నా అరచెయ్యి ఎర్రబడిందేమో చూసుకున్నాను.

ఆదివారం అసిరమ్మ వచ్చింది.
వైండింగులో నాకంటే ముందు చేరి
నాకంటే ముందు అరిగిపోయిన మనిషి.
చంపావతి ఇసకలో కాసిన దోసకాయలు రెండు తెచ్చి
గుమ్మంలో కాళ్ళు చాపుకుంది.
చదివి వినిపించాను.
చెంపదెబ్బ దగ్గర గొంతు కొంచెం పెంచాను కూడా.

మోకాలు ఒత్తుకుంటూ వింది.
"కొట్టేసినాదా. బాగున్నాది.
మరి మర్నాడు ఏటి తిన్నాది?"

ఫ్యాను తిరుగుతోంది.
నా దగ్గర మర్నాడు లేదు.
పన్నెండో ప్రకరణానికి మూడేళ్ళు గడిచిపోయాయి,
ఆమె అప్పుడే నాయకురాలు,
మైకు ముందు మాట్లాడుతోంది
నాలాగే, చక్కటి తెలుగులో.

"అప్పెవులిచ్చినారు? గుంటకి జొరమొచ్చినాదా లేదా?
గేటు కాడ సూసినోళ్ళు
ఒకలైనా ఇంటికొచ్చినారా?"
అడుగుతూనే దోసకాయ కోసింది,
చేదేమోనని కొన నాలిక మీద పెట్టి చూసింది.

నలభై రెండు కార్డులు చించాను.
మందం కార్డులు, వేళ్ళు నొప్పెట్టాయి.

ఆ ఒక్క మర్నాటికి ఏడు నెలలు పట్టింది.
మొదట్లో సింహాద్రమ్మ నాతో మాట్లాడలేదు.
ఏడిపిద్దామనుకున్న చోట
బియ్యం డబ్బా వంచి, గ్లాసుతో అడుగు గీకింది.
ధైర్యంగా నిలబెడదామనుకున్న చోట
మేస్త్రీ మనుషులొచ్చారని మంచం కింద దూరింది.
పక్కింట్లో అబద్ధమాడి నూట యాభై తెచ్చింది,
అందులో పదిరూపాయలు పెట్టి
పిల్లకి రిబ్బను కొంది. నాకు కోపం వచ్చింది.
రాత్రి, వీధంతా పడుకున్నాక,
కొట్టిన చెయ్యి దీపం దగ్గర తిప్పి చూసుకుని
నవ్వింది.
ఆ నవ్వు నేను రాయలేదు.
వెతికితే
నా చేతిరాతలోనే ఉంది.

ప్రూఫులొచ్చాయి.
'ఎల్లిపోనాది' అన్న ప్రతిచోటా
ఎర్రసిరాతో 'వెళ్ళిపోయింది' అని దిద్దారు.
వెళ్ళిపోయింది అంటే ఎవరైనా కావచ్చు.
ఎల్లిపోనాది అంటే ఆమే,
నెత్తిన మూట, చంకన పిల్ల,
వెనక్కి తిరక్కుండానే వెనకున్నవాళ్ళని తిడుతూ.
పాసింజరెక్కి విజయనగరం వెళ్ళి
ప్రెస్సులో మూల బల్ల మీద కూర్చుని
ముప్పై ఒక్క చోట్ల ఆమెను మళ్ళీ ఎల్లనిచ్చాను.

పుస్తకం ఇచ్చాను అసిరమ్మకి.
చదువు రాదు, బరువు చూసింది.
"నా పేరెట్టినావేటి?"
లేదన్నాను.
"మంచి పని. మోకాలు నొప్పెట్టినావా?"
నూటనలభయ్యో పేజీ తెరిచి వేలితో చూపించాను.
ఆ వరస మీద అరచెయ్యి ఆనించి
వేడి తెలుస్తుందేమో అన్నట్టు కాసేపుంచింది.
"ఎడందేనా?" అంది.

కుడిదని రాశాను.