పాత బాకీ

మతాన్‌లో ఏప్రిల్ వచ్చిందంటే
కార్ల కడుపులు బయటపడతాయి.

లిఫ్ట్ ఎక్కిన పాత స్టేషన్ వ్యాగన్ కింద
తల పైకెత్తి నిలబడింది గయెటాన్.
ఐదు నెలలు రోడ్ల మీద చల్లిన ఉప్పు
చక్రాల గూళ్లలో తెల్లగా అట్టకట్టి ఉంది.
ఉప్పు తిన్నది నీళ్లు తాగక మానదు కదా,
ఇనుమూ తాగింది,
మంచు కరిగిన ప్రతి మధ్యాహ్నం
గుక్కగుక్కగా, ఎవరికీ వినపడకుండా.

"పైన చూడండి, ఒక్క మచ్చ లేదు" అన్నాడు
పోయిన శనివారమే దాన్ని కొనుక్కున్న ఫాబ్రిస్.
రొయ్యల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు,
చేతులకు ఇంకా నీచు వాసన.
నిజమే, పైన ఆకుపచ్చ రంగు
కడిగి బోర్లించిన సీసాలా మెరుస్తోంది.

ఆమె పైన చూడదు.
ముసలి ఒవిలా పని నేర్పుతూ మొదట చెప్పిన మాట:
తుప్పు ముందు చెవికి దొరుకుతుంది, కంటికి ఆలస్యంగా.
స్క్రూడ్రైవర్ పిడితో తలుపు కింది గుమ్మాన్ని తడుతూ పోయింది.
టంగు, టంగు, టంగు,
టప్.

తిప్పి మొనతో ఒత్తింది.
టీలో ముంచిన బిస్కట్టులోకి దిగినట్టు దిగింది.
ఎర్రటి పొడి రాలి కనురెప్పల మీద పడింది.
పొడి తర్వాత పుట్టీ పెళ్ల,
పుట్టీ వెనక ఉండచుట్టి కుక్కిన వార్తాపత్రిక.

కాగితం విప్పింది.
తొమ్మిదేళ్ల నాటి నవంబరు,
ఆటుపోట్ల వేళల పట్టిక,
పక్కన సగం నింపిన గళ్లనుడికట్టు.
ఆ అక్షరాలు ఆమెవే.

ఆ చలికాలం గ్యారేజీ అద్దె మూడు నెలలు బాకీ.
కోసి అతికితే రెండు రోజుల పని,
కుక్కి పూస్తే రెండు గంటలు.
అమ్ముకునేవాడికి పైన పటారం చాలు,
లోన లొటారం కొనేవాడి తలరాత,
అనుకుంది అప్పుడు.
ఆ తలరాత ఎన్ని చేతులు మారిందో,
ఇవాళ కాఫీ కప్పు పట్టుకుని
"ఎంతవుతుంది?" అంటోంది.

జవాబివ్వకుండా గ్రైండర్ అందుకుంది.

తుప్పు దగ్గర మొహమాటం పనికిరాదు.
ఎర్రదనం పోయి తెల్లటి లోహం తగలాలి,
తగిలాక ఇంకో అంగుళం అవతలికి కోయాలి.
మిగిల్చావా, అదే విత్తనం.
కొత్త రేకు అతికింది, అతుకులన్నీ మూసింది.
వైరు బ్రష్షు దూరని సందుల్లో ఆమ్లం పూస్తే
ఎరుపు నల్లబడి నోరు మూసుకుంది.
ఆపైన ప్రైమరు. ఆరాక రంగు.
చివరికి డొల్లల్లోకి పొడవాటి గొట్టంతో నూనె.

"వారం రోజులు కారుతుంది" అంది,
"కారనీ. కారకపోతే అనుమానించు.
గుమ్మాల అడుగున చిన్న రంధ్రాలుంటాయి,
బురద పట్టనివ్వకు, నీళ్లకు అదొక్కటే దారి.
చలికాలంలో కాస్త ఎండ కాసిన రోజు కిందనుంచి కడుగు.
ఉప్పు ఒంటితో వెచ్చటి షెడ్డులో పడుకోబెట్టకు,
చలి కన్నా ఆ వెచ్చదనమే ఎక్కువ తింటుంది."

రెండు పగళ్లు, ఒక రాత్రిలో సగం.
బిల్లు మీద రేకు ధర ఉంది, గ్యాసు ధర ఉంది.
కూలి గడి ఖాళీ.

"ఇదేంటి?"
"పాత బాకీ."
అతను నవ్వాడు, పొరపాటేమో అనుకుని.
చెబుదామనే నోరు తెరిచింది.
అప్పటికే ఇంజను మోగింది.

సాయంత్రం షట్టరు సగం దించి
ఆ ఏడాది పద్దు పుస్తకం దులిపింది.
కుక్కి పూసినవి ఇంకో ఆరు.
రెండు ఈపాటికి తుక్కులో చేరుంటాయి.
మిగిలిన నాలుగూ
ఎవరి పిల్లల్ని ఎక్కించుకుని ఏ మలుపులో ఉన్నాయో.
ఫోను దగ్గరికి లాక్కుంది,
మొదటి నంబరు నొక్కి, ఆగి,
మళ్లీ నొక్కింది.

షట్టరు కింద సందులోంచి కనబడుతున్నాయి
నూనె చుక్కలు,
గేటు దాకా,
గేటు దాటి రోడ్డు మీదికి.