పొద్దుగూకేలోగా

బేసిన్ బ్రిడ్జి మీద ఎండ
హెల్మెట్లో ఉడుకుతోంది.
వీపున ఎర్ర సంచిలో
ఎవరిదో బిర్యానీ, ఇంకెవరిదో రసమలాయి.
పొద్దుట్నుంచీ పదకొండు కాలింగ్ బెల్లులు నొక్కాను.
తలుపుల సందుల్లోంచి చేతులొచ్చాయి,
ముఖాలు లోపలే ఉండిపోయాయి.

ఈరోజు పూరీము.
చెన్నైలో ఆ మాటంటే
పూరీలా? అంటారు.
అవునంటాను. ఏం పోయింది.

మా నాయనమ్మ దెబోరమ్మకి అక్షరం ముక్క రాదు.
ధర్మశాస్త్రమంతా వేళ్ల కణుపుల మీదే:
ఒక మనిషికి రెండు రకాల తిండి.
ఇద్దరు లేనివాళ్లకి చెరో దానం.
బియ్యం కొలిచి పోస్తే చెల్లదు,
పొయ్యి వెతుక్కోకుండా నోట్లో పెట్టుకునేదై ఉండాలి.
చీర పెట్టినా చెల్లదు.
చీకటి పడ్డాక చెల్లదు.
రేపిస్తానంటావా, అసలే చెల్లదు.
నీ విందులో కోసుకో, లేనివాడి వాటాలో కలుపు,
అని బొటనవేలి దగ్గర ఆగేది.

మరి మనకే లేకపోతే?
పొగాకు బారెన్లో ఆకు కడుతున్న చేతులు ఆగలేదు.
"లేనివాళ్లూ ఇవ్వాల్సిందేనే.
ముందు ఇయ్యి, తర్వాత చూద్దాం."

జేబులో నూట నలభై. వంద పెట్రోలుది.
మిగతాది రెండు ఇరవైలుగా మడిచి పెట్టుకున్నాను.

ఎలిఫెంట్ గేట్ సిగ్నల్ దగ్గర చాచిన చెయ్యి
మందు వాసన కొట్టింది.
వేరే రోజైతే పని చేసుకోవయ్యా అనేదాన్ని.
పూరీమునాడు చాచిన చేతిని విచారించకూడదు.
ఒక ఇరవై అటు వెళ్లింది.

రెండోది పిన్నీసులమ్మే ఆవిడ ఒళ్లో పెట్టాను.
"చుమ్మా వద్దమ్మా" అని
రెండు అట్టలు చేతిలో కుక్కింది.
పచ్చ లైటు పడింది. వెనక హారన్లు.
దానం కాస్తా బేరమైపోయింది,
లెక్క మళ్లీ ఒకటి దగ్గరే నిలిచింది.

బ్రిడ్జి దిగాక
పెట్రోలు వందలోంచి ఇరవై విడదీసి
గోడకానుకుని కూచున్న ముసలాయన గిన్నెలో వేశాను.
ఆయన కళ్లు తెరవలేదు. నేనూ లేపలేదు.

ఇక తిండి.
నా మధ్యాహ్నం డబ్బాలో చింతపండు పులిహోర, రెండు సున్నుండలు.
అంతే ఉంది, అదే పంపాలి,
వ్యాసర్పాడిలో ఆస్పత్రి ఆయాగా చేసి మానేసిన కెజియమ్మకి.
ఊళ్లో మనవాళ్లంటూ నాకు తెలిసింది ఆవిడొక్కతే.
మనిషి చేత పంపితే మేలని నాయనమ్మ మాట.
ఏడాది పొడుగునా మోసేదాన్ని,
ఇవాళొక్కరోజు పంపేదాన్ని.
అటే పోతున్న ఇళంగో డబ్బా అందుకుని
"ఓటీపీ ఎంత?" అన్నాడు.

ముప్పావుగంటకి తిరిగొచ్చాడు
చేతిలో ఇంకో డబ్బాతో.
పెరుగన్నం, ఒక అరటిపండు.
ఆవిడ పొద్దుటి వంట, ఆవిడకున్నదంతా.

"పాట్టి చెప్పమంది," అన్నాడు
తమిళాన్ని తెలుగులోకి తోసుకుంటూ,
"ఇద్దరికీ ఏమీ లేకపోతే
ఒకళ్ల కంచం ఒకళ్లకి పంపుకోవచ్చంట.
పాతకాలంలో ఇద్దరు పండితులు
అట్లానే చేశారంట.
రెండు ఇళ్లలోనూ లెక్క సరిపోయిందంట."

బండికి స్టాండు వేసి
రైలు పట్టాల వైపు తిరిగి కూచున్నాను.
పొద్దు ఇంకా జానెడుంది.
ఫోను మోగింది, కీల్పాకులో ఎవరికో ఆకలి.
మోగనిచ్చాను.

ముద్ద నోట్లో పెట్టుకున్నాను.
ఉప్పు తక్కువ.
వచ్చే ఏటికి చెప్పి పంపాలి.